పదిమందితో ధ్యానము

నల్లగొండ జిల్లా దక్షిణపు కొసను, కృష్ణానది యొడ్డున నందికొండ యను ఊరు కలదు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఇచ్చట ఒక మహానిర్మాణమునకు పునాదిరాయి వేసెను. మొదట నందికొండ ప్రాజెక్టు అని పిలువబడిన ఆ నిర్మాణమే నాగార్జునసాగరము. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి దాని కాలువలకు నీరు విడిచెను. ఆ నీటివలన ఎన్నో బీడు భూములు పంటపొలములైనవి. కాని అదే నీటి అడుగున ఒక ప్రాచీన నగరము మునిగిపోయినది. దాని పేరు విజయపురి.

విజయపురి ఇక్ష్వాకు రాజుల రాజధాని. క్రీస్తు శకము 3, 4 శతాబ్దులలో ఆ రాజులు కృష్ణాతీరమును పాలించిరి. 1926లో రంగస్వామి సరస్వతి అను పండితుడు ఈ లోయలోని శిథిలములను గుర్తించెను. తరువాత లాంగ్‌హర్స్టు అను ఆంగ్లేయుడు 1927 మొదలు 1931 వఱకు త్రవ్వకములు సాగించెను. ఆనకట్ట కట్టుట నిశ్చయమైన పిదప, నీరు రాకముందే లోయనంతయు పరిశీలింపవలసి వచ్చెను. 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున ఆ పని జరిగెను. ముప్పదికి పైగా బౌద్ధ స్థావరములు బయల్పడెను. వానిలో ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి, నాగార్జునకొండ శిఖరమునకును అనుపు అను చోటికిని తరలించి, మరల నిలిపిరి. ఆ కొండయే నేడు జలాశయము నడుమ ద్వీపమై యున్నది.

ఆ విహారములను కట్టిన తీరులో మనము నేర్చికొనదగిన విషయమొకటి కలదు. నడుమ రాతిస్తంభములతో ఒక మండపము. దాని చుట్టును వరుసగా చిన్న చిన్న గదులు. ఒక్కొక్క గది ఒక భిక్షువు ఉండుటకు, కూర్చుండుటకు సరిపోవును. మండపము అందఱిది, గది ఒక్కనిది. భిక్షువులు మండపమున కూడి గురువు మాట వినిరి. గదిలో ఒంటరిగా కూర్చుండి ఆ మాటను తమలో వెదకికొనిరి. ఈ రెండును ఒకే ఆవరణలో, ఒకదాని కొకటి ఎదురుగా నున్నవి.

ధ్యానము ఎవరికి వారు చేయవలసిన పని. ఒకడు తినిన అన్నము మఱియొకని ఆకలి తీర్పనట్లే, ఒకడు చేసిన ధ్యానము మఱియొకని మనస్సును నిలుపజాలదు. అట్లయినచో పదిమంది కలిసి ధ్యానము చేయుట యననేమి? ఒకడు ముందు కూర్చుండి వారిని నడుపుట యననేమి? ఆ నడుపువాడు చేయవలసినదేమి, చేయకూడనిదేమి? ఈ పాఠమున మనము విచారింపవలసినది ఇదియే.

ముందుగా ధ్యానమన నేమో తెలిసికొందము. మన మనస్సు ఊరక ఉండదు. తరగతిలో కూర్చుండి ఇంటిని తలచును. ఇంట కూర్చుండి ఆటస్థలమును తలచును. నిన్న పడిన మాటను మరల మరల నెమరువేయును. రేపటి పరీక్షను తలచి నేడే వణకును. అట్టి మనస్సును ఒక విషయముపై మెల్లగా నిలుపుట, జారిపోయినప్పుడు కోపగించుకొనక మరల తెచ్చి నిలుపుట, ఇదియే ధ్యానమునకు ఆరంభము. దీనికై మన దేశమున పెద్దలు పెక్కు ఆధారములను చూపిరి. వానిలో మిక్కిలి సులభమైనది శ్వాస. అది ధనికునకును పేదకును సమానము. అన్ని మతములవారికిని ఒక్కటే. దానికి పుస్తకము గాని, ప్రతిమ గాని, పైకము గాని అక్కఱలేదు.

శ్వాసకును శరీరమునకును గల సంబంధమును మీరే పరీక్షించి చూడవచ్చును. మణికట్టువద్ద నాడిని పట్టుకొని నెమ్మదిగా ఊపిరి పీల్చి విడువుడు. పీల్చునప్పుడు నాడి కొంచెము వేగముగను, విడుచునప్పుడు కొంచెము నెమ్మదిగను కొట్టుకొనును. మెదడునుండి గుండెకు పోవు వేగస్ అను నరము దీనికి ముఖ్యకారణము. ఊపిరి విడుచు వేళ ఆ నరము గుండె వేగమును తగ్గించును. ఈ భేదము పెద్దలలోకంటె పిల్లలలో స్పష్టముగా తెలియును. భయము కలిగినప్పుడు శ్వాస పొట్టిదగును, శాంతించినప్పుడు దీర్ఘమగును. మనస్సు మారినచో శ్వాస మారునన్నమాట. శ్వాస నెమ్మదించినచో మనస్సు కూడ కొంత నెమ్మదించును.

ఇక పదిమందికి నేర్పుటను గూర్చి విచారింతము. ఇది క్రొత్త పని కాదు. శ్రావస్తి నగరమున పూర్వారామమను విహారము కలదు. దానిని విశాఖ యను గృహిణి కట్టించెను. ఒక వర్షాకాలమున బుద్ధుడచ్చట నుండగా, శారిపుత్రుడు, మౌద్గల్యాయనుడు మొదలగు పెద్ద భిక్షువులు క్రొత్తవారికి శిక్షణ ఇచ్చిరి. కొందఱు పదిమందిని, కొందఱు ఇరువదిమందిని, మఱికొందఱు ముప్పదిమందిని, నలువదిమందిని చేరదీసి నేర్పిరని పాలి గ్రంథములు చెప్పుచున్నవి. వందలకొలది శిష్యులున్నను, అందఱిని ఒక్కచోట కుప్పవేయలేదు. ఒక గురువు ఎంతమంది ముఖములను చూడగలడో అంతమందినే అతనికి అప్పగించిరి. వానకాలము ముగిసి కార్తిక పూర్ణిమ వచ్చినది. ఆ రాత్రి బుద్ధుడు ఆరుబయట, మౌనముగా నున్న భిక్షువుల నడుమ కూర్చుండి, శ్వాసను ఎఱుకతో గమనించు పద్ధతిని వివరించెను. దానికే ఆనాపానస్మృతి యని పేరు.

పదిమంది కలిసిన మౌనమునకు ఎంత బలము కలదో తెలుపు కథ మఱియొకటి కలదు. మగధరాజగు అజాతశత్రువు రాజ్యముకొఱకు కన్నతండ్రియైన బింబిసారుని చంపించినవాడు. ఒక వెన్నెల రాత్రి అతనికి మనశ్శాంతి లేకపోయెను. జీవకుడను వైద్యుడు తన మామిడితోటలో బుద్ధుడున్నాడని చెప్పగా, రాజు ఏనుగులతో, దివిటీలతో బయలుదేరెను. తోటలో 1250 మంది భిక్షువులున్నారని జీవకుడు చెప్పియుండెను. కాని తోట సమీపించినను ఒక దగ్గు గాని, తుమ్ము గాని వినరాలేదు. రాజునకు ఒడలు జలదరించెను. శత్రువులకు నన్ను పట్టి ఇచ్చుట లేదు కదా యని అతడు జీవకుని అడిగెను. భయపడవలదని జీవకుడు ముందునకు నడిపించెను. మండపమున దీపములు వెలుగుచుండగా, కదలని సరస్సువలె నున్న ఆ సభను రాజు చూచెను. అప్పుడతడు తన కుమారునికి ఇట్టి శాంతి కలిగిన బాగుండునని కోరుకొనెనట. తండ్రిని చంపించినవాడు తన కొడుకునకు కోరినది రాజ్యము కాదు, శాంతి. ఆ కోరికను అతనిలో పుట్టించినది ఉపన్యాసము కూడ కాదు. అప్పటికి బుద్ధుడు ఒక్క మాటయైనను పలుకలేదు.

కనుక ధ్యానమును నడుపువాడు మొదట తెలిసికొనవలసినది మౌనము విలువ. అతని మాటలు మౌనమునకు మెట్లవంటివి. మెట్లెక్కినవాడు వాకిట చేరవలెను గాని మెట్లమీదనే కూర్చుండిపోరాదు. ఎడతెగక మాటాడువాని ఎదుట కూర్చుండినవారు అతని గొంతును వినుచుందురే గాని తమ శ్వాసను గమనింపజాలరు. మాట కొంచెము, ఎడము ఎక్కువ. ఇది మొదటి నియమము.

రెండవ నియమము, ఎదుటివాని బలమెఱిగి నేర్పుట. సోణుడను ధనవంతుని కుమారుడు భిక్షువై, పట్టుదలతో అటునిటు నడచుచు ధ్యానము చేయగా, సుకుమారమైన అతని పాదములు పగిలి నెత్తురు కారెను. ఫలము కానరాక అతడు ఇంటికి మరలిపోదమని తలచెను. అతడు పూర్వము వీణ వాయించెడివాడని బుద్ధునకు తెలియును. తీగలు మిక్కిలి బిగించినచో వీణ పలుకునా, మిక్కిలి వదులు చేసినచో పలుకునా యని బుద్ధుడు ప్రశ్నించెను. సోణునకు తన తప్పు తెలిసినది. వైద్యునకు వైద్యము మాటలలో, వీణకానికి వీణ మాటలలో చెప్పినచో ఏ బోధయైనను నాటుకొనును.

చుల్లపంథకుని కథయు ఇట్టిదే. అతడు నాలుగు మాసములు ప్రయత్నించియు ఒక్క శ్లోకమును కంఠస్థము చేయలేకపోయెను. భిక్షువైన అతని అన్న విసిగి వెడలిపొమ్మనెను. ఏడ్చుచు వాకిట నిలిచిన అతనికి బుద్ధుడొక తెల్లని గుడ్డ ఇచ్చి, దానిని చేతులతో రుద్దుచు, మలినము పోవుటను గూర్చి తలపుమనెను. రుద్దగా రుద్దగా గుడ్డ మాసినది. తెల్లగా నున్నది మాసిపోవుటను కన్నులార చూచి అతడు శ్లోకము నేర్పలేని సత్యమును గ్రహించెను. శిష్యుడు నేర్చికొనలేనప్పుడు అతడు మందబుద్ధి యనుటకు ముందు, మన పద్ధతి అతనికి తగినదా యని విచారింపవలెను.

మూడవ నియమము మిక్కిలి ముఖ్యమైనది. దానిని తెలుపునది వైశాలి వృత్తాంతము. అచ్చట బుద్ధుడు శరీరము నశించునదియు, రోత పుట్టించునదియు నని తలచు ధ్యానమును కొంతకాలము బోధించి, తాను ఏకాంతవాసమునకు పోయెను. పదునైదు దినములు ఆహారము తెచ్చువాడు తప్ప ఎవ్వరును తన యొద్దకు రాగూడదని చెప్పెను. భిక్షువులు ఆ ధ్యానమును చేసి చేసి, తమ బ్రదుకునే రోసికొనిరి. పెక్కుమందికి తీరని కీడు మూడెను. బుద్ధుడు తిరిగి వచ్చి, సంఘము ఇట్లు చిక్కిపోయెనేమి యని ఆనందుని అడిగెను. ఆనందుడు జరిగినది దాపక చెప్పి, వేఱొక పద్ధతిని బోధింపుమని ప్రార్థించెను. అప్పుడు బుద్ధుడు అందఱిని సభామందిరమునకు పిలిపించి, శ్వాసను గమనించు నెమ్మదియైన ధ్యానమును నేర్పెను. వేసవిలో రేగిన దుమ్మును అకాలపు వాన ఒకటి వచ్చి అణచినట్లు, అది మనస్సులోని కలతను అణచునని పోలిక చెప్పెను.

తమ గురువును పూజించువారు ఈ సంగతిని గ్రంథములనుండి తొలగింపక నిలిపియుంచిరి. అందువలన మనకు గొప్ప మేలు కలిగినది. ధ్యానము ఆట కాదని, కన్నులు మూసికొనినవాని మనస్సు మెత్తబడి యుండునని, అప్పుడు చెవిన బడిన మాట లోతుగా దిగునని దీనివలన తెలియుచున్నది. కన్నులు మూసికొని కూర్చుండువాడు తనను మన చేతిలో పెట్టినట్లే. ఆ నమ్మకమును కాపాడుట నడుపువాని ధర్మము. ఎవరికైనను కీడు కలుగుచున్నదని తెలిసినచో, పద్ధతిని మార్చుటకును, ఆపుటకును అతడు వెనుకాడరాదు.

విజయపురి భిక్షువులు కూడ దూరదేశములవారితో కలిసి యుండిరి. వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున బోధిశ్రీ యను ఉపాసిక చుళ్లధమ్మగిరిపై చైత్యగృహమును కట్టించెను. సింహళదేశపు ఆచార్యుల కొఱకు దానిని అర్పించితినని ఆమె శాసనము చెప్పుచున్నది. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగ, ద్రవిడ దేశములకు ధర్మమును మోసినవారని అందు ఆ ఆచార్యులు కొనియాడబడిరి. ఇచ్చటనే సింహళ విహారమను కట్టడము కూడ నుండెను. నేటి నందికొండలో 274 ఎకరముల మేర బుద్ధవనము వెలసినది. 2022వ సంవత్సరము మే 14వ తేదీన అది ప్రారంభమయ్యెను. అందు ధ్యానవనమను భాగము కలదు. శ్రీలంకలోని అవుకన బుద్ధవిగ్రహమునకు ప్రతిరూపమును ఆ దేశము బహూకరింపగా, దానిని కూడ అందు నిలిపిరి. పదునేడు శతాబ్దులు గడచినను పూర్వపు స్నేహము తెగిపోలేదు.

నందికొండ హిల్ కాలనీలో ధమ్మ నాగజ్జున అను విపశ్యనా ధ్యానకేంద్రము కలదు. పదిమందితో ధ్యానము చేయించుట నేడెట్లు జరుగుచున్నదో దానివలన తెలిసికొనవచ్చును. ఈ పద్ధతిని మన దేశమున మరల వ్యాపింపజేసినవాడు సత్యనారాయణ గోయెంకా. అతడు 1924లో బర్మాలోని మాండలే నగరమున జన్మించిన వర్తకుడు. బర్మా ప్రభుత్వమున ఉన్నతోద్యోగియైన సయాజీ ఊ బా ఖిన్ వద్ద ధ్యానము నేర్చి, 1969లో భారతదేశమునకు వచ్చి బోధింప నారంభించెను. 1976లో హైదరాబాదున ధమ్మఖేత్త అను కేంద్రము వెలసినది. 2013లో గోయెంకా మరణించెను.

ఈ కేంద్రములలో శిబిరము పదిదినములు జరుగును. ఉదయము 4 గంటలకు గంట మ్రోగును; రాత్రి 9 గంటల 30 నిమిషములకు దీపములార్పుదురు. మొదటి మూడు దినములును శ్వాసను గమనించుటయే పని. ఎవరికి వారు కూర్చుండు వేళలు కొన్ని. అందఱును మందిరమున ఒక్కచో కూర్చుండు వేళలు దినమునకు మూడు, ఒక్కొక్కటి ఒక గంట. విహారములలోని గదియు మండపమును ఇచ్చటి దినచర్యలో కాలవిభాగములుగా మారినట్లున్నవి. శిక్షార్థులు పదవదినము వఱకు ఒకరితో నొకరు మాటాడరాదు. కాని గురువుతో మాటాడి సందేహము తీర్చికొనవచ్చును. అవసరములను సేవకులకు తెలుపవచ్చును.

ఉపదేశములు గోయెంకా గొంతుననే, ముద్రించిన ధ్వనిగా వినవచ్చును. అయినను ఎదుట సహాయకాచార్యులు కూర్చుందురు. యంత్రము మాట చెప్పగలదు గాని, ఎవనికి కన్నీరు వచ్చుచున్నదో, ఎవడు వణకుచున్నాడో చూడలేదు. అందుకే మనిషి కావలెను. చేరుటకు ముందే ప్రతివానిని అతని ఆరోగ్యమును గూర్చి అడిగి తెలిసికొందురు. తీవ్రమైన మనోవ్యాధి గలవారికి ఈ కఠినశిక్షణ తగదని చెప్పుదురు. రుసుము లేదు, శిబిరము ముగించినవారు ఇచ్చు విరాళములతోనే కేంద్రము నడచును. బాలబాలికలకు వేఱుగా చిన్న శిబిరములు కలవు. వారికి శ్వాసను గమనించుట మాత్రమే నేర్పుదురు.

ఇతర దేశములలోను ఇట్టి సామూహిక శిక్షణ వ్యాపించినది. అమెరికాలోని మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో 1979లో జాన్ కబాట్-జిన్ అను శాస్త్రజ్ఞుడు తీరని నొప్పులతో బాధపడు రోగులకు శిక్షణ నారంభించెను. రోగులు వారమున కొకమాఱు కూడి నేర్చికొని, తక్కిన దినములలో ఇంట అభ్యాసము చేయుదురు. రోగము మాయమగునని అతడు వారికి చెప్పలేదు. నొప్పిని ఎదుర్కొను తీరు మారగలదని మాత్రమే చెప్పెను.

ఇక మన పాఠశాలలో పదునైదు నిమిషముల ధ్యానమును నడుపుట యెట్లో చూతము. ఉపాధ్యాయుడు నడుపవచ్చును; ఆయన ఎదుట ఒక విద్యార్థి కూడ నడుపవచ్చును. నడుపువాడు ముందుగా కొన్ని వారములైనను తాను ప్రతిదినము చేసి చూచియుండవలెను. ఈత రానివాడు ఇతరులను ఏటిలోనికి దింపరాదు.

స్థలము శుభ్రముగను, గాలి వచ్చునట్లును ఉండవలెను. వేపచెట్టు నీడయైనను చాలును. పూర్తి నిశ్శబ్దము దొరకదు. బండి చప్పుడు, కాకి కూత వినవచ్చును. వానిని అణచుటకు ప్రయత్నింపరాదు. అందఱును ఒకరికొకరు తగులకుండ వరుసగా కూర్చుండవలెను. నేలపై కూర్చుండలేనివారు బల్లపై కూర్చుండవచ్చును. వెన్ను నిటారుగా ఉండవలెను గాని బిగియరాదు. తినిన వెంటనే కూర్చుండినచో నిద్ర వచ్చును. మిక్కిలి ఆకలితో కూర్చుండినచో మనస్సు నిలువదు.

మొదలుపెట్టుటకు ముందు నడుపువాడు మూడు సంగతులు చెప్పవలెను: ఏమి చేయబోవుచున్నాము, ఎంతసేపు చేయుదుము, ఇష్టము లేనివారు ఏమి చేయవచ్చును. ఎంతసేపో తెలియనివాడు ధ్యానము మాని, ఎప్పుడు ముగియునా యని చూచుచుండును. చివరి మాటను ఇట్లు చెప్పవచ్చును: "కన్నులు మూసికొనుట కష్టమైనచో నేలవంక చూచుచు కూర్చుండుడు. ఎప్పుడైనను కన్నులు తెఱవవచ్చును. బాగుండనిచో మెల్లగా లేచి బయటికి పోవచ్చును. ఎవ్వరును ఏమియు అనరు." బయటికి పోవు త్రోవ తెఱచియున్నదని తెలిసినవాడే నిశ్చింతగా లోపల కూర్చుండగలడు.

పిదప ఒక చిన్న గంట కొట్టి, మెల్లగా, మామూలు గొంతుతో ఇట్లు చెప్పవలెను: "మీ పాదములు, చేతులు ఎచ్చట ఆనియున్నవో గమనింపుడు. భుజములను వదలుగా ఉంచుడు." ఇక కొంతసేపు మాట వలదు. "ఊపిరి ముక్కులోనికి వచ్చుటను, బయటికి పోవుటను చూచుచుండుడు. దానిని పొడిగింపవలదు, ఆపవలదు. ఎట్లున్నదో అట్లే తెలిసికొనుడు." ఇక ఒక నిమిషము మౌనము. "మనస్సు ఎచ్చటికో పోయియుండవచ్చును. అది తప్పు కాదు. పోయినదని తెలిసినప్పుడు మెల్లగా మరల ఊపిరికి తీసికొని రండు." ఇది చెప్పిన పిదప మూడు నాలుగు నిమిషములు ఏమియు పలుకరాదు.

ఈ నాలుగు నిమిషములే నడుపువానికి పరీక్ష. ఏదో ఒకటి చెప్పవలెనని నాలుక దురదపెట్టును. ఎవరికైనను విసుగు పుట్టినదేమో యని సందేహము కలుగును. అప్పుడతడు తాను కూడ ఊపిరిని గమనించుచు, కన్నులు తెఱచియే యుండి అందఱిని చూచుచుండవలెను. మందను మేపువాడు తానును నిద్రపోయినచో మందను కాచువాడెవడు? ఒకడు కునుకుచుండిన, వెన్ను నిటారు చేసికొనుడని అందఱికిని చెప్పినట్లు చెప్పవలెను. ఒకరిద్దఱు నవ్వినచో వారిని పేరు పెట్టి పిలువరాదు. ఆ నవ్వు గాలి వీచినట్లు వీచి, పట్టించుకొననిచో దానంతట అదియే అణగిపోవును.

ఎవరైనను ఏడ్చినచో కంగారుపడరాదు, పదిమందిలో కారణమడుగరాదు. ఇంటిలో చావు జరిగినవాడు, భయంకరమైన ప్రమాదమును చూచినవాడు మౌనముగా కూర్చుండినచో ఆ దుఃఖము ఒక్కమాఱుగా పైకి రావచ్చును. అతనిని మెల్లగా బయటికి తీసికొనిపోయి, కన్నులు తెఱచి చుట్టునున్న చెట్లను, మనుష్యులను చూడుమని చెప్పి, మంచినీళ్లిచ్చి, పెద్దలకు అప్పగింపవలెను. ఆ దుఃఖము ఎంతకును తగ్గనిచో వైద్యునకు చూపుట అవసరము. ఉబ్బసము గలవానికి ఊపిరిని గమనించుటయే భయము కలిగింపవచ్చును. అట్టివాడు శ్వాసకు బదులుగా చుట్టునున్న చప్పుళ్లను వినవచ్చును, లేదా అరచేతిలో ఒక గులకరాతిని పట్టుకొని దాని చల్లదనమును గమనింపవచ్చును. చుల్లపంథకునికి గుడ్డ దొరకినట్లే ఇతనికి రాయి దొరకును.

ముగించునప్పుడు తొందర కూడదు. "ఇక ఒక నిమిషమున ముగింతము" అని ముందే చెప్పవలెను. వ్రేళ్లను, పాదములను కదల్పుమని చెప్పి, గంట కొట్టి, కన్నులు తెఱవుడనవలెను. తరువాత ఎవరైనను తమ అనుభవమును చెప్పదలచిన చెప్పవచ్చును; చెప్పుమని బలవంతము చేయరాదు. ఒకనికి హాయిగా నుండును, ఒకనికి కాళ్లు తిమ్మిరెక్కును, మఱియొకనికి ఏమియు తోచదు. ఈ మూడును సరియే. ఇందు మార్కులు లేవు, మొదటివాడు కడపటివాడు అనుట లేదు. నాకు వెలుగు కనబడినదని ఒకడనిన, అది కనబడనివారు లోపము గలవారని తలపరాదు.

నడుపువాడు వర్జింపవలసిన దోషములు మూడు. మొదటిది, ఫలములను గూర్చి గొప్పలు చెప్పుట. ధ్యానమున రోగములన్నియు తొలగును, పరీక్షలో ప్రథమస్థానము వచ్చును అనుట నమ్మినవారిని మోసగించుట. రెండవది, తన నమ్మకమును ఇతరులపై రుద్దుట. పదిమందిలో పలు మతములవారుందురు; అందఱికిని ఆమోదమైన మాటనే చెప్పవలెను. మూడవది, తనను గొప్పవానిగా తలచుకొనుట. నేడు నేను చెప్పగా ఇందఱు కన్నులు మూసికొనిరన్న గర్వము మిక్కిలి సూక్ష్మమైనది. అది ప్రవేశించినచో అతడు ధ్యానమును గాక తన్ను తాను చూపించుకొనుచుండును.

బండి తోలుట నేర్పువాడు కొంతకాలమునకు పగ్గములను నేర్చువాని చేతికిచ్చి ప్రక్కన కూర్చుండును. ఇంకను కొంతకాలమునకు బండి దిగిపోవును. ధ్యానమును నడుపువాడును అట్లే చేయవలెను. మొదటి వారము పది మాటలు చెప్పినవాడు నెల గడచునప్పటికి నాలుగు మాటలతో నడుపగలుగవలెను. చివరకు గంట ఒక్కటియే చాలవలెను. అతని శిష్యులలో ఒకడు ఎన్నడో పరీక్షామందిరమున గుండె దడదడలాడునప్పుడు, లేక ఇంట కలహము చెలరేగినప్పుడు, ఎవ్వరును చెప్పకుండగనే ఒక్క క్షణము ఆగి తన ఊపిరిని తాను గమనించుకొనును. అప్పుడతనికి నేర్పినవాడు ఎదుట ఉండడు. బహుశః అతని పేరును జ్ఞాపకమునకు రాదు. అయినను నేర్పినవాని శ్రమ ఆ క్షణముననే సఫలమగును.